తలంటుకు ఒక తెర: చేతుల స్థితిని బట్టి ఇంటర్‌ఫేస్ రూపొందించే పద్ధతి

విజయనగరంలో మా ఇంట్లో తలంటు పోసే పని ఎప్పుడూ మామ్మదే. మా చెల్లెలు హైదరాబాదులో హాస్టల్లో చేరిన తరువాత, సెలవు రోజున తలంటుకోవాలనుకున్న ప్రతిసారీ మామ్మకు ఫోన్ చేసి, కుంకుడుకాయలు ఎన్ని కొట్టాలి, ఎంతసేపు నానబెట్టాలి, నూనె రాసుకున్నాక ఎంతసేపు ఆగాలి అంటూ అవే ప్రశ్నలు అడిగేది. మొదలుపెట్టే ముందు వచ్చే సందేహాలు ఫోన్లో తీరేవి గాని, అసలు సందేహాలన్నీ మధ్యలోనే వచ్చేవి, అప్పటికి ఫోన్ పట్టుకోవడానికి చేయి ఖాళీగా ఉండేది కాదు. ఆ ఇబ్బందిని తీర్చడానికి నేను బ్రౌజర్‌లో నడిచే ఒక చిన్న వెబ్ యాప్ తయారుచేశాను. దాని ఇంటర్‌ఫేస్‌ను, అంటే వాడేవారికి కనిపించే, వినిపించే భాగాన్ని, ఎలా ఆలోచించాలో, ఎలా కట్టాలో, ఎలా పరీక్షించాలో ఇక్కడ వివరిస్తున్నాను. తలంటుకు బదులు మీరు పాదాల పగుళ్లకు లేపనం రాసుకోవడాన్నో, పసిపిల్లకు నూనె మర్దనా చేయడాన్నో ఎంచుకున్నా పద్ధతి పెద్దగా మారదు.

తెరల కంటే ముందు చేతులు

యాప్‌లకు తెరలు రూపొందించడం కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది తెరలు గీసే ఫిగ్మా అనే సాధనం తెరిచి, ఫోన్ ఆకారంలో నాలుగు చట్రాలు గీసుకొని, వాటిని నింపడంతో పని మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఐదు తెరలు, ఒక్కో దానికి ఒక్కో రంగు, ఒక దాని నుంచి మరొక దానికి వెళ్లడానికి వేలితో పక్కకు జరిపే ఏర్పాటు. చూడటానికి ముచ్చటగానే ఉండేది. చెల్లెలు ఇంటికి వచ్చిన ఒక ఆదివారం, దాని తలకు నూనె రాస్తున్న మామ్మ పక్కన ఆ ఫోన్ పెట్టి వాడి చూడమన్నాను. మామ్మ వేలు అద్దం మీద జారింది, తెర ఒక మెట్టుకు బదులు రెండు మెట్లు ముందుకు దూకింది, నూనె మరకల వెనుక అక్షరాలు అలుక్కుపోయాయి. "ఏట్రా ఇది, సేతులకి నూనుండగా దీన్నెలా జరపమంటావు?" అని ఫోన్‌ను పీట మీద పెట్టేసి, మళ్లీ దాని వంక చూడకుండా తన పని తాను చేసుకుపోయింది.

ఆ రోజు ఫిగ్మా మూసేసి నోట్‌బుక్ తీశాను. మీరు మాత్రం నోట్‌బుక్‌తోనే మొదలుపెట్టండి. ఎంచుకున్న దినచర్యను ఒకరు చేస్తుండగా పక్కన కూర్చుని, ప్రతి దశకూ మూడు సంగతులు రాసుకోవాలి: అప్పుడు చేతులకు ఏమి అంటుకుని ఉంది, కళ్లు తెరను చూడగలిగే స్థితిలో ఉన్నాయా, చెవులకు ఏయే చప్పుళ్లు అడ్డు వస్తున్నాయి. గడియారం చూసి సమయం కూడా వేసుకోవాలి. మా ఇంట్లో నేను రాసుకున్న లెక్క ప్రకారం నూనె పట్టించడానికి 12 నిమిషాలు, అది నానడానికి 45 నిమిషాలు, నలుగు పెట్టడానికి 10 నిమిషాలు, కుంకుడు రసంతో రెండు విడతలుగా రుద్ది కడగడానికి 15 నిమిషాలు పట్టాయి. మీ ఇంట్లో ఇవి వేరుగా ఉంటాయి, ఉండాలి కూడా. ఇంకొకరి ఇంటి లెక్కలతో యాప్ కడితే అది ఎవరి ఇంట్లోనూ సరిగ్గా నడవదు.

ఈ పట్టిక పూర్తయ్యేసరికి అసలు రూపం బయటపడింది. కాయలు కొట్టి గింజలు తీసేటప్పుడు చేతులు పొడిగా ఉంటాయి, కళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి చదవవలసినవీ ఎంచుకోవలసినవీ అన్నీ అక్కడే అయిపోవాలి. నూనె రాసేటప్పుడు కళ్లు చూడగలవు గాని వేళ్లు జారతాయి. నలుగు పెట్టేటప్పుడు చేతి నిండా పిండి ఉంటుంది. కుంకుడు రసం పోసేటప్పుడు కళ్లు మూసుకునే ఉంటాయి, చేతుల నిండా నురుగు ఉంటుంది, నీళ్ల చప్పుడు చెవులను కమ్మేస్తుంది. చివరకు సాంబ్రాణి పొగ దగ్గర కూర్చునేసరికి మళ్లీ చేతులు పొడిబారతాయి. కాబట్టి ఈ యాప్‌లో తెరలను విషయాన్ని బట్టి కాక చేతుల స్థితిని బట్టి విడదీయాలి. నా పనిలో మిగిలిన నిర్ణయాలన్నీ ఈ ఒక్క దాని నుంచే వచ్చాయి.

నూనె చేయి వేరు, తడి చేయి వేరు

రెంటినీ ఒకే గాటన కట్టడం నేను చేసిన రెండో పొరపాటు. నేటి ఫోన్ల తెరలు వేలి ఒత్తిడిని కాక, వేలు దగ్గరకు వచ్చినప్పుడు అద్దం కింది విద్యుత్ క్షేత్రంలో కలిగే మార్పును పసిగడతాయి. కుళాయి నీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి తెర మీద పడిన నీటి చుక్కను ఫోన్ ఒక్కోసారి వేలిగా పొరబడుతుంది, ఒక్కోసారి అసలు వేలు ఎక్కడుందో గుర్తుపట్టలేకపోతుంది. నూనెకు ఆ గుణం లేదు. అది దొంగ స్పర్శలను పుట్టించదు గాని వేలిని జారుస్తుంది, అక్షరాలను మసకబారుస్తుంది.

అందువల్ల నూనె దశలో వేలితో జరిపే పనులేవీ పెట్టకూడదు, తట్టడం ఒక్కటే ఉండాలి. ఆండ్రాయిడ్ రూపకల్పన సూత్రాలు ఒక బటన్ కనీసం 48 డీపీల (తెర కొలతకు ఆండ్రాయిడ్ వాడే ప్రమాణం) వెడల్పు, ఎత్తు ఉండాలని చెబుతాయి. అద్దం మీద అది సుమారు 9 మిల్లీమీటర్లు. పొడి వేలికి అది చాలు. నూనె వేలికి మాత్రం తెర మొత్తాన్నీ ఒకే బటన్‌గా చేయడం మేలని నా అనుభవం. దూరం తగ్గి, గురి పెద్దదైనకొద్దీ దాన్ని చేరే సమయం తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే లెక్క కట్టి చూపించాడు. గురి తెరంత పెద్దదైనప్పుడు మామ్మ వేలిని వాడనక్కరలేదు, మణికట్టు వెనుక భాగంతోనో మడిచిన వేలి కణుపుతోనో తడితే చాలు.

ఇక్కడొక చిక్కు ఉంది. జారే వేలితో తట్టినవారికి ఆ తట్టు అందిందో లేదో అనుమానం కలిగి మరోసారి తడతారు, దాంతో ఒక దశ దాటిపోతుంది. తట్టిన పదో వంతు సెకనులోపు స్పందన కనిపిస్తే అది తన చేతి పనేనని మనిషికి అనిపిస్తుందన్నది ఈ రంగంలో చాలాకాలంగా అందరూ పాటిస్తున్న కొలత. కాబట్టి తట్టిన వెంటనే తెర రంగు మారాలి, ఒక చిన్న శబ్దం వినిపించాలి, ఆ తరువాత ఒకటిన్నర సెకను వరకు వచ్చే మరే తట్టునూ యాప్ లెక్కలోకి తీసుకోకూడదు. అయినా పొరపాటున ముందుకు వెళ్లిపోయేవారి కోసం, కొత్త తెర వచ్చాక 10 సెకన్లపాటు పైభాగంలో "ఇంకా అవలేదు" అనే వెడల్పాటి పట్టీ నిలిచి ఉండేలా చేశాను.

తడి దశకు ఇందులో ఏదీ పనికిరాదు. నీటి చుక్కలు పుట్టించే స్పర్శలు క్షణంలో వచ్చి పోతాయి, చోటు మారుతుంటాయి. అందుకని కుంకుడు దశ మొదలవగానే యాప్ మామూలు తట్టులన్నింటినీ వదిలేసి, ఒకే చోట ఒక సెకనుపాటు కదలకుండా నిలిచిన స్పర్శను మాత్రమే స్వీకరిస్తుంది. అది కూడా ఎప్పుడో ఒకసారి తువ్వాలుతో చేయి తుడుచుకున్నప్పుడు అవసరమయ్యేదే. ఆ దశంతా చెవితోనే నడవాలి.

మా ఇంట్లో తలంటుకు వాడే చెంబు శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన ఇత్తడిది. దాని మెడ సన్నగా ఉండి, అంచు బయటికి తిరిగి ఉంటుంది. నురుగు చేత్తో పట్టుకున్నా బొటనవేలు, చూపుడువేలు ఆ అంచు కింద ఇరుక్కుని ఆగుతాయి, చెంబు జారదు. తడి చేతికి నప్పే వస్తువు ఎలా ఉండాలో గుర్తుండేలా, కుంకుడు దశకు తెర గీసే ముందు ఆ చెంబును ఎదురుగా పెట్టుకున్నాను.

వేచి ఉండే 45 నిమిషాలు

తలంటులో ఎక్కువ భాగం ఏమీ చేయకుండా ఆగడమే. ఈ భాగాన్ని నింపాలనే తాపత్రయం రూపకర్తలకు సహజంగా ఉంటుంది. జుట్టు గురించి చిట్కాలు చూపిద్దామా, పాట పెడదామా, ఆట పెడదామా అని నేనూ ఆలోచించాను. చివరకు ఒక గిన్నె బొమ్మ, అందులో మెల్లగా కిందికి ఇంకుతున్న నూనె మట్టం, కింద మిగిలిన నిమిషాల సంఖ్య మాత్రమే ఉంచాను. నూనె పట్టించుకుని ఎండలో పీట వేసుకుని కూర్చున్న మనిషికి తెర వైపు చూసే పని కల్పించడం ఆ విశ్రాంతిని పాడుచేయడమే. తక్కువ కదలికలు కావాలని ఫోన్‌లో ముందే అమర్చుకున్నవారికి ఆ మట్టం కదలకుండా, నిమిషాల అంకె ఒక్కటే మారేలా చూడాలి.

సమయం లెక్కించేటప్పుడు ప్రోగ్రామ్ రాసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సెకనుకు ఒకటి చొప్పున తగ్గించుకుంటూ పోయే లెక్కను నమ్మకూడదు. బ్రౌజర్ వెనక్కి వెళ్లినప్పుడు, తెర ఆరిపోయినప్పుడు ఆ లెక్క నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. మొదలుపెట్టిన గడియారపు సమయాన్ని భద్రపరచి, తెర చూసిన ప్రతిసారీ ప్రస్తుత సమయం నుంచి దాన్ని తీసివేయడమే సరైన దారి. నూనె, కుంకుడు దశలలో తెర ఆరిపోకుండా నిలిపే సౌకర్యం నేటి బ్రౌజర్లలో ఉంది, దాన్ని వాడుకోవాలి. నానే దశలో కూడా అదే వాడి తెరను మసకగా వెలిగించి ఉంచాను, ఎందుకంటే పూర్తిగా ఆరిపోయిన తెర నుంచి వెబ్ పేజీ సరిగ్గా వేళకు గంట మోగిస్తుందని భరోసా లేదు. గంటకు తోడుగా ఫోన్ కంపనం కూడా పెట్టవచ్చు గాని అది ఆండ్రాయిడ్ ఫోన్లకే. ఐఫోన్ బ్రౌజర్‌లో వెబ్ పేజీలకు ఆ వీలు లేదు కనుక దాని మీదే ఆధారపడకూడదు.

నురుగు రాని మొదటి విడత

కుంకుడు దశకు ఏ మాటలు వినిపించాలో తేల్చుకోవడానికి చెల్లెలు ఎక్కడ తడబడుతోందో చూశాను. కుంకుడుకాయ గుజ్జులో ఉండే సాపోనిన్ అనే పదార్థం వల్ల నురుగు వస్తుంది, నూనెను పట్టి కడిగేది కూడా అదే. నూనె నిండుగా ఉన్న తల మీద మొదటి విడత రసం పోసినప్పుడు ఆ బలమంతా నూనెకే ఖర్చయిపోయి నురుగు సరిగ్గా రాదు. రెండో విడతకు చేతి నిండా తెల్లగా పొంగుతుంది. ఈ సంగతి తెలియని చెల్లెలు మొదటి విడతలోనే కంగారుపడి రసం మీద రసం పోసుకునేది, దాంతో రెండో విడతకు రసం మిగిలేది కాదు, కళ్లు మాత్రం మండేవి. మామ్మ దగ్గర కూర్చున్నప్పుడు ఈ పొరపాటు ఎప్పుడూ జరగలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలో మామ్మ "ఇప్పుడు నురుగు రాదు, రెండోసారికొస్తాది, కంగారు పడకు" అనేది.

యాప్ అనవలసిన మాట అదే, అనవలసిన సమయం కూడా అదే. ఇంటర్‌ఫేస్‌కు మాటలు రాసేటప్పుడు ప్రతి దశలోనూ ఏమి చేయాలో చెప్పడం కంటే, కొత్తవారు ఎక్కడ తప్పు దారి పడతారో కనిపెట్టి ఆ మలుపులో ఒక్క వాక్యం ఉంచడం ఎక్కువ ఉపకారం చేస్తుంది. "బాగా రుద్దండి" అనే సలహాను నేను తీసేశాను. ఎవరికీ చెప్పనక్కరలేనిది అది.

కంట్లో రసం పడటాన్ని గురించి కూడా అలాగే ఆలోచించాలి. కళ్లు మండుతున్న మనిషి తెర మీద బటన్ వెతకలేదు కాబట్టి ఆ సహాయం తెర మీద ఉండటానికి వీల్లేదు. అందుకని చేతులు ఇంకా పొడిగా ఉన్న మొదటి దశలోనే, ఎడమ చేతికి అందేలా చెంబుడు మంచినీళ్లు, పొడి తువ్వాలు పెట్టుకోమని అడిగి, పెట్టుకున్నామని తట్టిన తరువాతే ముందుకు పోనిస్తుంది. ఫోన్‌ను నీళ్లు చిందని కిటికీ గూట్లో ఉంచమని, ఛార్జింగ్ తీగతో స్నానాల గదిలోకి తేవద్దని కూడా అక్కడే చెబుతుంది.

గొంతు, అక్షరం

మాటలను కంప్యూటర్ గొంతుతో చదివించవచ్చు గాని నేను మామ్మ చేతనే చెప్పించి రికార్డు చేశాను. నీళ్ల చప్పుడులో పొడవైన వాక్యం నిలవదు. ఐదారు మాటలకు మించని వాక్యాలు రాసుకుని, ప్రతి దానికీ ముందు ఒక చిన్న గంట శబ్దం పెట్టి, నిలిచిన స్పర్శ అందేదాకా 30 సెకన్లకు ఒకసారి అదే మాట మళ్లీ వినిపించేలా చేశాను. ఒకే ఛానెల్‌లో, సెకనుకు 48 కిలోబిట్ల నాణ్యతతో దాచుకుంటే నిమిషం మాటకు సుమారు 360 కిలోబైట్లు అవుతుంది. మొత్తం రెండు నిమిషాల మాటలు ఒక ఫోటో కంటే తక్కువ స్థలం తీసుకుంటాయి. వీటిని మొదటిసారి తెరిచినప్పుడే ఫోన్‌లో దాచుకునేలా చేస్తే, సిగ్నల్ సరిగ్గా అందని మందస, పార్వతీపురం కొండ ఊళ్లలో కూడా యాప్ ఆగదు. మరొక మెలిక ఉంది: వాడేవారు తెరను ఒకసారైనా తాకకుండా బ్రౌజర్లు శబ్దాన్ని మోగనివ్వవు. కాబట్టి పొడి చేతుల దశలోని "మొదలుపెడదాం" అనే తట్టుతోనే మామ్మ గొంతు ఒకసారి వినిపించాలి. ఆ పని మరచిపోతే, తీరా కుంకుడు రసం పోసుకున్నాక యాప్ మూగబోతుంది.

గొంతుతో ఆదేశాలు ఇచ్చే ఏర్పాటు గురించి చాలామంది అడుగుతారు. తెలుగు మాటలను గుర్తించే సాధనాలు ఉన్నాయి, కానీ బక్కెట్లో నీళ్లు పడుతున్న గదిలో అవి తడబడతాయి, వాటిలో చాలావాటికి ఇంటర్నెట్ కూడా కావాలి. నేను దాన్ని పక్కన పెట్టాను.

తెర మీది భాషను తేల్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టింది. పుస్తకాల భాషను కాదని వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు విజయనగరంలో కలిసి చదువుకున్నవారు. వారి పేర్లతో గిడుగు, గురజాడ అనే ఉచిత ఫాంట్లు కూడా ఉన్నాయి. ఇంత జరిగిన ఊళ్లో కూర్చుని బటన్ మీద "సమర్పించు" అని రాయడానికి నాకు చేయి రాలేదు. నూనె రాయడం ముగిసినప్పుడు మా ఇంట్లో ఎవరూ "పూర్తి చేయబడింది" అనరు, "అయింది" అంటారు. బటన్ మీద కూడా అదే రాశాను. అయితే "అయిపోనాది" అని రాయలేదు. ఆ యాస మామ్మ గొంతులో వింటే ఇంటి మాటలా ఉంటుంది గాని, అచ్చులో చూస్తే వేళాకోళంలా ఉందని చెల్లెలే అన్నది. అందువల్ల చెవికి యాస, కంటికి అందరూ రాసే తెలుగు అని పంచుకున్నాను.

అక్షరాల విషయంలో ఇంగ్లీషు కొలతలను అలాగే తీసుకుంటే తెలుగు దెబ్బతింటుంది. పైన గుడులు, కింద వత్తులు ఉన్న లిపి కనుక వరుసల మధ్య ఎడం అక్షరం కొలతకు కనీసం 1.6 రెట్లు ఉండకపోతే "కుంకుడుకాయల్ని కొట్టండి" వంటి వాక్యంలో పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. శీర్షికలకు గురజాడ ఫాంటును వాడుకుని, మరకల వెనుక కూడా ఆనవలసిన పెద్ద మాటలకు నోటో సాన్స్ తెలుగును ముదురు మందంలో వాడాను. రంగులు ఎంచుకునేటప్పుడు పసుపు, సున్నిపిండి ఛాయలు మనసును లాగుతాయి, కాని పసుపు మీద తెల్లని అక్షరాలు ఆనవు. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య ఉండవలసిన వెలుగు తేడా వెబ్ ప్రమాణాల ప్రకారం కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకైతే 3కు 1. పసుపు మీద తెలుపు ఆ దరిదాపులకు కూడా రాదు. పసుపు మీద ముదురు కుంకుడు గోధుమ రంగు అక్షరాలు ఆ కొలతను సులువుగా దాటుతాయి, పైగా నూనె పొర వెనుక కూడా కనిపిస్తాయి.

కాగితం మీద, తరువాత నూనెతో

ప్రోగ్రామ్ రాసే ముందు పోస్టు కార్డులను ఫోన్ కొలతకు కత్తిరించి తెరలు గీసుకోవాలి. ఒకరు తలంటుకుంటున్నట్లు నటిస్తూ కార్డును తడితే, మీరు యాప్ పాత్ర పోషించి తరువాతి కార్డు పెట్టాలి, మాటలు పైకి చదవాలి. ఒక్క పూటలో నా 11 తెరలు 6కు తగ్గాయి. ఎవరూ ఆగి చూడని తెరలను తీసేయడమే అందుకు కారణం.

యాప్ తయారయ్యాక పరీక్ష మాత్రం నిజమైన నూనెతోనే జరగాలి. బల్ల ముందు పొడి చేతులతో చేసిన పరీక్షలో నా మొదటి యాప్ కూడా చక్కగా నడిచింది. అరచేతిలో చెంచాడు నువ్వుల నూనె రాసుకుని 20 సార్లు తట్టి, ఎన్ని తట్లు అందాయో లెక్కపెట్టండి. తరువాత పాత ఫోన్ ఒకటి తీసుకుని, తెర మీద నీళ్లు చిలకరించి ఐదు నిమిషాలు వదిలేసి, అది తనంతట తాను ముందుకు పోయిందేమో చూడండి. ఆపైన కుళాయి తిప్పి, కళ్లకు గంతలు కట్టుకుని మాటలన్నీ వినిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. నా యాప్ ఈ మూడో పరీక్షలో తప్పింది. గంట శబ్దం మరీ సన్నగా ఉండి నీళ్ల హోరులో కలిసిపోయింది. మామ్మ ఇత్తడి చెంబును గరిటతో కొట్టి ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టాక తేటగా వినిపించింది.

వారం వారం తలంటుకున్నారా లేదా అని లెక్కపెట్టి, ఒక వారం తప్పితే చిన్నబుచ్చే అలవాటు ఇలాంటి యాప్‌లకు ఉంటుంది. దాన్ని పెట్టమని ఇద్దరు స్నేహితులు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. ఎవరు ఎప్పుడు స్నానం చేశారన్నది ఫోన్ దాటి బయటికి పోవలసిన సమాచారం కాదు, కనుక యాప్ ఏదీ ఎక్కడికీ పంపదు. ఎంచుకున్న నిమిషాలు మాత్రం ఆ ఫోన్‌లోనే గుర్తు ఉంటాయి.

చివరి తెర సాంబ్రాణిది. నిప్పుల మీద సాంబ్రాణి వేసుకోమని ఒక్క మాట చెప్పి, తెర మెల్లగా నల్లబడుతుంది. ఆ తరువాత తట్టడానికి ఏమీ ఉండదు. రెండు నిమిషాలు గడిచాక మామ్మ గొంతు ఒక్కసారి వినిపిస్తుంది: "జుట్టారీదాకా బయటికెల్లకు."